గన్ను కడగడానికి గ్లాసెడు థిన్నరు చాలు

సాయంత్రం ఆరు కావస్తుంది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ట్రాక్టరు ట్రక్కుకు ఆఖరి పూత పడుతుంది. కంప్రెసరు చప్పుడు ఆగుతుంది. మేస్త్రి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ "ఒరేయ్ అబ్బాయ్, గన్ను కడిగి పెట్టు" అని కేకేసి టీ కొట్టు వైపు నడుస్తాడు. చేతికింద కుర్రవాడు థిన్నరు డబ్బా వంచి గన్ను కప్పు నిండా పోస్తాడు. ట్రిగ్గరు నొక్కి గాలిలోకి కొడతాడు. మళ్లీ పోస్తాడు, మళ్లీ కొడతాడు. కప్పులో మిగిలింది షెడ్డు వెనక్కి వెళ్లి పారబోస్తాడు. అక్కడ నేల నల్లగా బిగుసుకుపోయి ఉంటుంది. వానాకాలంలో కూడా గడ్డి మొలవదు.

ఏ మండల కేంద్రానికి వెళ్లినా ఊరి చివర ఇటువంటి షెడ్లు ఒకటో రెండో కనిపిస్తాయి. ట్రక్కులు, నాగళ్లు, గొర్రులు, ఇనుప గేట్లు, బీరువాలు, ఆటోలు వరసగా వచ్చి రంగులు వేయించుకుని పోతుంటాయి. పని నేర్చినవారికి చేతినిండా పని ఉంది. అయితే రంగు కొట్టడం నేర్పినంత శ్రద్ధగా గన్ను కడగడం ఎవరూ నేర్పరు. అది కుర్రవాళ్ల పని అన్న చిన్నచూపు ఉంది. షెడ్డు లాభంలో గణనీయమైన భాగం ఆ కడుగుడులోనే కారిపోతోంది.

లెక్క వేస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఒకసారి కడగడానికి అర లీటరు థిన్నరు పోస్తున్నారనుకుందాం. రోజుకు రెండుసార్లు కడిగితే ఒక లీటరు. నెలకు 25 రోజుల పని ఉంటే 25 లీటర్లు. అదే పనిని టీ గ్లాసెడు, అంటే సుమారు 100 మిల్లీలీటర్లతో ముగిస్తే నెలకు 5 లీటర్లు సరిపోతుంది. 20 లీటర్లు మిగిలినట్టే. ఆ 20 లీటర్లు ఇప్పుడు గాలిలో కలుస్తున్నాయి, నేలలో ఇంకుతున్నాయి, కొంత ఆ కుర్రవాడి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి.

గొంతు మందు నుంచి రంగుల గన్ను

ఈ గన్ను పుట్టుకే విచిత్రం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం టొలీడో పట్టణంలో అలెన్ డెవిల్బిస్ అనే వైద్యుడు ఉండేవాడు. రోగుల గొంతులోకి మందును తుంపరగా కొట్టడానికి ఆయన 1880 దశకంలో ఒక పరికరం తయారు చేశాడు. 20వ శతాబ్ది తొలి దశకంలో ఆయన కుమారుడు థామస్ అదే సూత్రంతో రంగులు చల్లే గన్ను రూపొందించాడు. తరువాత 1920 దశకంలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే తొందరగా ఆరే రంగును తెచ్చింది. అంతకు ముందు కారుకు బ్రష్షుతో రంగు వేసి ఆరబెట్టడానికి రోజులు, వారాలు పట్టేది. కుంచెకు లొంగనంత త్వరగా ఆరిపోయే ఆ రంగుకు గన్ను తోడయింది. ఆ రంగు పేరే మన మేస్త్రీల నోట మామూలు మాటయి కూర్చుంది. నిర్మల్ కొయ్యబొమ్మలకు వేసేవి కూడా డ్యూకో రంగులే.

త్వరగా ఆరడమే ఆ రంగు గొప్ప. గన్ను కడిగేవాడికి అదే తంటా. ట్రక్కు మీద ఎంత త్వరగా ఆరుతుందో గన్ను లోపల కూడా అంతే త్వరగా ఆరుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు గ్లాసెడు థిన్నరుతో పోయే రంగు, టీ తాగి కబుర్లు చెప్పి వచ్చేసరికి లీటరు పోసినా కదలదు. అందుచేత థిన్నరు పొదుపులో మొదటి సూత్రం థిన్నరు గురించి కాదు, వేళ గురించి. కంప్రెసరు ఆపిన వెంటనే గన్ను కడగాలి. టీ ఆ తరువాత.

మూడు కడుగుల లెక్క

కడగడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. కప్పులో మిగిలిన రంగును డబ్బాలోకి పూర్తిగా ఒంపుకోవాలి. ఒంపి ఊరుకోక కప్పును బోర్లించి ఒక నిమిషం ఆగాలి. అంచులకు, అడుగుకు పట్టినదాన్ని గుడ్డతోనో, చిన్న రబ్బరు ముక్కతోనో తుడిచేయాలి. గుడ్డతో పోయే రంగును థిన్నరుతో కరిగించడం దండగ. పిండి అంటుకున్న గిన్నెను ముందు వేళ్లతో గీకి, తరువాత నీళ్లు పోసే ఇల్లాలికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

ఇక అసలు కడుగుడు. ఒక్కసారే ఎక్కువ పోయడం మంచిదా, కొంచెం కొంచెంగా మూడుసార్లు పోయడం మంచిదా? ఎక్కువ పోస్తేనే శుభ్రమని చాలామంది నమ్మకం. లెక్క వేరుగా చెబుతుంది. గన్ను లోపల గోడలకు, గొట్టానికి 10 మిల్లీలీటర్ల రంగు అంటుకుని ఉందనుకోండి. 300 మిల్లీలీటర్ల థిన్నరు ఒకేసారి పోసి కలిపి ఒంపేస్తే, లోపల మళ్లీ 10 మిల్లీలీటర్ల కలగలుపు అంటుకునే ఉంటుంది. అందులో మొదటి రంగులో నూటికి 3 పాళ్లకు పైగా మిగిలిపోతుంది. అలా కాక 30 మిల్లీలీటర్లు పోసి బాగా ఆడించి ఒంపి, మళ్లీ 30, మళ్లీ 30 పోస్తే, మొదటిసారికి రంగు నాలుగోవంతు మిగులుతుంది. రెండోసారికి అందులో నాలుగోవంతు, అంటే పదహారో వంతు. మూడోసారికి అరవై నాలుగో వంతు. నూటికి ఒకటిన్నర పాళ్లు మాత్రమే. 300 పోసిన దానికన్నా 90 పోసిన గన్నే రెట్టింపు శుభ్రం.

ఈ లెక్క రైతులకు కొత్తది కాదు. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను స్ప్రేయరులోనే పోసుకోవాలని వ్యవసాయ శాఖ వారు చెప్పేది ఇందుకే. ఆ మాట చేలో ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే సంగతి.

ఒక్క మెలకువ ఉంది. ప్రతిసారీ పూర్తిగా ఒంపాలి, ప్రతిసారీ బాగా ఆడించాలి. సగం ఒంపి మళ్లీ పోస్తే లెక్క తప్పుతుంది.

కప్పు పైన ఉండే గన్నులకు గాలి కూడా అవసరం లేదు. గాలి గొట్టం ఊడదీసి, కొంచెం థిన్నరు పోసి, మూత పెట్టి ఆడించి, ఇనుప డబ్బా మీద పట్టుకుని ట్రిగ్గరు నొక్కితే చాలు. తన బరువుకు తానే నాజిల్ గుండా ధారగా దిగుతుంది. తుంపర లేదు, ఆవిరి తక్కువ. పైగా దిగినదంతా డబ్బాలో దక్కుతుంది. గాలిలోకి కొట్టిన థిన్నరు మళ్లీ దొరకదు.

కప్పు కింద ఉండే గన్నులకు వేరే పద్ధతి ఉంది. రంగు ఒంపిన తరువాత కప్పును కొంచెం వదులు చేసి, గొట్టం కొస కప్పులోనే ఉండేలా పట్టుకోవాలి. ముందుభాగంలోని ఎయిర్ క్యాపును రెండు మూడు చుట్లు వదులు చేయాలి. దాని మీద మడత పెట్టిన గుడ్డ అదిమి, గాలి ఒత్తిడి బాగా తగ్గించి, ట్రిగ్గరు నొక్కాలి. ముందుకు పోవలసిన గాలి దారి లేక వెనక్కి మళ్లి, గొట్టంలోని రంగును కప్పులోకి తోసేస్తుంది. థిన్నరు చుక్క ఖర్చు కాకుండానే సగం పని అయినట్టు. తరువాత కప్పులో కొద్దిగా థిన్నరు పోసి ఇదే మళ్లీ చేస్తే లోపలి దారంతా కడుక్కుపోతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయకూడదు. గుడ్డ జారితే థిన్నరు సూటిగా ముఖం మీదికి వస్తుంది.

ఈనెపుల్ల వైద్యం

కొన్ని షెడ్లలో రాత్రి గన్నును ఏకంగా థిన్నరు బకెట్లో ముంచి వదిలేస్తారు. తెల్లారేసరికి శుభ్రంగా ఉంటుందని వారి ధీమా. నిజానికి గన్ను పాడు కావడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. నీడిల్ చుట్టూ బిగించిన ప్యాకింగ్ ఎండి పిగులుతుంది. కదిలే భాగాలకు ఉన్న జిడ్డు కరిగిపోతుంది. గాలి మాత్రమే పోవలసిన సన్న దారుల్లోకి కరిగిన రంగు చేరి అక్కడ గడ్డకడుతుంది. మర్నాడు ట్రిగ్గరు దగ్గర నుంచి రంగు కారుతుంటే గన్ను నాసిరకమని కొట్టువాడిని తిడతారు.

విప్పవలసినవి మూడే. ఎయిర్ క్యాపు, నాజిల్, నీడిల్. ముందు వెనక మర తీసి స్ప్రింగును, నీడిల్‌ను బయటకు లాగాలి. తరువాతే నాజిల్‌ను సరైన పానాతో విప్పాలి. నీడిల్ లోపల ఉండగా నాజిల్ తిప్పితే రెండూ గీసుకుని, మూసినా చుక్క చుక్క కారడం మొదలవుతుంది. విప్పిన మూడింటినీ చిన్న గిన్నెలో కొద్దిగా థిన్నరు పోసి, పాత పళ్లబ్రష్షుతో రుద్దాలి. గన్ను బయటి భాగాన్ని అదే థిన్నరులో తడిపిన గుడ్డతో తుడవాలి.

ఎయిర్ క్యాపుకు ఉండే సన్నని రంధ్రాలు పూడుకుపోతే చాలామంది చేతికి ఏది దొరికితే అది గుచ్చుతారు. మేకు, గుండుసూది, సైకిలు పుల్ల, వెల్డింగు తీగ. క్యాపు చాలావరకు ఇత్తడి. ఇనుము కన్నా మెత్తన. ఒక్కసారి గుచ్చితే రంధ్రం చుట్టుకొలత మారిపోతుంది. ఆ తరువాత జన్మలో ఆ గన్ను సరిగా కొట్టదు. దీనికి కొబ్బరి ఈనెపుల్లను మించిన పనిముట్టు లేదు. కొస సన్నగా చెక్కి, థిన్నరులో ముంచి, రంధ్రంలో తిప్పితే రంగు ఊడి వస్తుంది, లోహానికి గీత పడదు. చీపురు ఇంట్లోనే ఉంటుంది.

గన్ను కొట్టే తుంపర నిలువుగా పొడుగాటి గుడ్డు ఆకారంలో పడాలి. చంద్రవంకలా ఒక పక్కకు వంగినా, ఒక కొస లావు ఒక కొస సన్నం అయినా ఎక్కడో అడ్డుపడిందన్నమాట. ఎక్కడ అన్నది తెలుసుకోవడానికి గన్నంతా విప్పి థిన్నరు తగలేయనక్కరలేదు. ఎయిర్ క్యాపును సగం చుట్టు తిప్పి పాత కాగితం మీద మళ్లీ కొట్టి చూడాలి. వంకర కూడా తలకిందులైతే లోపం క్యాపులో ఉంది. వంకర అక్కడే ఉంటే లోపం నాజిల్‌లో ఉంది. ఏది పూడుకుందో దాన్నే కడిగితే సరిపోతుంది.

అన్నీ బిగించేటప్పుడు నీడిల్ ప్యాకింగ్ దగ్గర, ట్రిగ్గరు ఇరుసు దగ్గర ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. సిలికాన్ నూనెలు మాత్రం షెడ్డు దరిదాపులకు రానీయకూడదు. అవి తగిలిన చోట రంగు నిలవక చేపకళ్లలా గుంటలు పడతాయి.

డబ్బా అడుగున మడ్డి

కడిగిన థిన్నరు రంగు మారింది కాబట్టి పనికిరాదని పారబోస్తారు. దాన్ని మూత గట్టిగా ఉన్న ఇనుప డబ్బాలో పోసి ఒక మూల కదపకుండా ఉంచితే రంగుపొడి మెల్లగా అడుగుకు దిగుతుంది. ఒకటి రెండు రోజులకు పైన తేట తేలుతుంది. ఆ తేటను వేరే డబ్బాలోకి ఒంపుకుంటే మర్నాటి మొదటి కడుగుకు, రెండో కడుగుకు అది చాలు. మూడో కడుగుకు మాత్రం కొత్త థిన్నరు వాడాలి. బియ్యం మూడోసారి కడిగిన నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి కదా, ఇదీ అంతే. ఇవాళ్టి మూడో కడుగు రేపటి మొదటి కడుగు అవుతుంది. అయితే ఈ తేటను రంగులో కలిపి ట్రక్కు మీద కొట్టకూడదు. మెరుపు పోతుంది, గీరుకుపోతుంది.

డబ్బాలు కలపకూడదు. డ్యూకో కడిగినదానికి ఒకటి, ఎనామిల్ కడిగినదానికి ఒకటి వేరుగా ఉండాలి. ఎనామిల్‌కు ఖరీదైన థిన్నరు అక్కరలేదు, టర్పెంటైన్ చాలు. హార్డెనర్ కలిపే పీయూ రంగులను ఈ లెక్కలోకి తీసుకోరాదు. అవి గాలికి ఆరేవి కావు, లోపల జరిగే రసాయనిక చర్యతో గట్టిపడేవి. గన్నులో వదిలేస్తే ఎంత థిన్నరూ వాటిని మళ్లీ కరిగించలేదు. ఆ కడుగును ఇతర డబ్బాలో పోస్తే ఉన్న తేట కూడా పాడవుతుంది. పీయూ హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి. మూతికి కట్టుకునే చేతిరుమాలు వాటిని ఆపలేదు. బొగ్గు కాట్రిడ్జి ఉన్న మాస్కు కనీసం ఉండాలి.

కడుగుళ్లు తగ్గించుకునే తెలివి కూడా ఉంది. ఒకే రోజు రెండు మూడు రంగులు కొట్టవలసి వస్తే తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు వరసలో లేతది ముందు, ముదురుది వెనుక కొడితే మధ్యలో ఒక్క కడుగు చాలు. తిరగేస్తే ఎంత కడిగినా తెలుపులో నలుపు జీర కనిపిస్తుంది. రెడ్ ఆక్సైడు ప్రైమరుకు పాత గన్ను ఒకటి విడిగా పెట్టుకున్న మేస్త్రీలకు ఈ బాధే లేదు.

కనిపించని ఆవిరి

థిన్నరులో ముఖ్యమైన టోలుయిన్ 4 డిగ్రీల చలిలోనే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. 40 డిగ్రీల ఎండలో కాగే మన రేకుల షెడ్డులో చెప్పేదేముంది? ఆ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. పక్కన వెల్డింగు షాపు ఉన్నా, అవతల టీ కొట్టు పొయ్యి వెలుగుతున్నా అక్కడిదాకా చేరి మంట పట్టుకుని వెనక్కి వస్తుంది. మూత లేని థిన్నరు బకెట్ పెట్టుకుని పక్కనే బీడీ ముట్టించడం ఎంత పనో వేరే చెప్పనక్కరలేదు. పెట్రోలుతో గన్నులు కడిగేవారూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. చవక అని చూసుకుంటే షెడ్డే పోతుంది.

తుడిచిన గుడ్డల విషయంలో కూడా అజాగ్రత్త ఉంది. నూనె రంగులు, ఎనామిల్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆరే క్రమంలో వేడెక్కి నిప్పు లేకుండానే రాజుకునే అవకాశం ఉంది. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేయాలి.

మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో థిన్నరు పోసి ఉంచే అలవాటు వెంటనే మానవలసింది. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. దాహం వేసిన పిల్లవాడు చీటీ చదివి తాగడు.

పని ముగిశాక చేతులు కూడా థిన్నరుతోనే కడుక్కోవడం మరో ఆచారం. చర్మంలోని జిడ్డంతా లాగేసి పగుళ్లు పుట్టిస్తుంది. పగిలిన చర్మం గుండా విషం లోపలికి దిగుతుంది. వేరుశనగ నూనో, కొబ్బరినూనో చేతికి పట్టించి రెండు నిమిషాలు నలిపితే ఎనామిల్ కరిగి వస్తుంది. ఆపైన సున్నిపిండితో రుద్ది సబ్బుతో కడిగితే సరి. కొట్టే ముందే చేతులకు కొంచెం నూనె రాసుకుంటే మరీ సుళువు. అయితే నూనె చేతితో రంగు వేయవలసిన రేకును తాకకూడదు.

బావి పక్కన పారబోస్తే

తేట ఒంపగా అడుగున మిగిలే మడ్డి అన్నిటికన్నా చెడ్డది. పసుపు, నారింజ రంగుల్లో చాలాకాలంగా వాడుతున్న క్రోమ్ పసుపులో సీసం ఉంటుంది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. కానీ అవి ఇంటి రంగులకు సంబంధించినవి. ట్రక్కులకు, యంత్రాలకు వేసే పారిశ్రామిక రంగులు ఆ కట్టుబాటులోకి రావు.

పశువులకు రంగు డబ్బాలు నాకే అలవాటు ఉంది. పాత రంగు డబ్బాలు, పాత బ్యాటరీలు నాకి సీసం విషంతో దూడలు చనిపోవడం పశువైద్యులకు తెలిసిన విషయమే. షెడ్డు వెనుక మడ్డి పోసిన చోటికి సాయంత్రం పశువులు తిరిగి వస్తాయి. వాన పడితే ఆ మడ్డి నీళ్లు గుంటలోకి, అక్కడి నుంచి బోరు వైపు ఇంకుతాయి. థిన్నరు వాసన పట్టిన బోరు నీరు ఎన్ని రోజులు తోడినా తొందరగా బాగుపడదు.

వాడిన ద్రావకాలు, వాటి మడ్డి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. పట్టణాల ఆటోనగర్లలో వీటిని కొనే, తీసుకుపోయే ఏజెన్సీలు ఉంటాయి. పల్లెల్లో ఒక్కొక్క షెడ్డులో నెలకు వచ్చే మడ్డి ఎంతో ఉండదు. రెండు మూడు షెడ్లు కలిసి ఒక ఇనుప డ్రమ్ములో మూతపెట్టి నిల్వచేసి, సరుకుకు పట్నం వెళ్లే బండి మీద పంపించుకోవచ్చు. డ్యూకో మడ్డి ఎండితే సులువుగా భగ్గుమంటుంది. ఎండినదాన్ని ఇనుప గరిటెతో గీకకూడదు, చలికాచుకునే మంటలో వేయకూడదు.

ఇప్పుడు గోడలకు మిషన్లతో రంగులు కొట్టే బృందాలు పల్లెలకు కూడా వస్తున్నాయి. వారు వాడే ఎమల్షన్ నీళ్లతోనే పోతుంది కనుక కుళాయి తిప్పి వదిలేస్తున్నారు. ఆ తెల్లనీళ్లు సూటిగా పంట కాలువలోకి పోతున్నాయి. వాళ్లకూ మూడు బకెట్ల పద్ధతే. మొదటి బకెట్లో చిక్కటి నీళ్లు దింపుకుని పేరబెట్టి, తేటను మర్నాటి మొదటి కడుగుకు వాడుకోవచ్చు. ఆ మిషన్ల విషయంలో ఒక హెచ్చరిక ఉంది. గాలి లేకుండా కేవలం ఒత్తిడితో కొట్టే ఆ యంత్రం నాజిల్ దగ్గర ఒత్తిడి చదరపు అంగుళానికి 2,000 పౌన్లు దాటుతుంది. అడ్డుపడిందని వేలు పెట్టి చూస్తే రంగు చర్మం చీల్చుకుని మాంసంలోకి దిగుతుంది. పైకి సూదిమొన గాయంలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తెలియదు. అయినా అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఏ రంగు దిగిందో డాక్టరుకు చెప్పాలి. కట్టుకట్టుకుని పనిలోకి వచ్చినవారు వేళ్లు పోగొట్టుకున్నారు. కడిగే ముందు మిషను ఆపి, ఒత్తిడి దించే మీట తిప్పి, ట్రిగ్గరుకు తాళం వేసి, ఆ తరువాతే నాజిల్ మీద చేయి వేయాలి.